చక్రాల కుర్చీ చేయడానికీ ఒక చదువుంది

ఇంటరు రిజల్ట్సు వచ్చాయంటే చాలు, పొయ్యి మీద కూర మాడుతున్నా పట్టించుకోకుండా మన ఇళ్ళల్లో ఒకటే చర్చ. అమ్మాయిని ఏ కోర్సులో వెయ్యాలి? ఎంపీసీ చదివిన పిల్లయితే కంప్యూటర్స్. బైపీసీ చదివిన పిల్లయితే డాక్టరు, అది రాకపోతే నర్సింగు. ఈ మూడు దార్లు తప్ప నాలుగోది ఒకటుందని మనకెవరూ చెప్పరు. చెప్పినా "అదేం చదువమ్మా, పెళ్ళివారు అడిగితే ఏమని చెప్పాలి?" అని మనమే కొట్టి పారేస్తాం. ఈ వారం అలా కొట్టి పారెయ్యకూడని ఒక చదువు గురించి చెప్పుకుందాం.

దాని పేరు రిహాబిలిటేషన్ ఇంజనీరింగు. తెలుగులో పునరావాస ఇంజనీరింగు అనుకోవచ్చు. పునరావాసం అనగానే మన కొల్లేటి వాళ్ళకి 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పటి సంగతులు గుర్తుకొస్తాయి. ఇది ఆ పునరావాసం కాదు. ప్రమాదంలో కాలో చెయ్యో పోయినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, పుట్టుకతోనే లోపం ఉన్న పిల్లలు మళ్ళీ తమ పని తాము చేసుకునేందుకు సాధనాలు కనిపెట్టే శాస్త్రం. కృత్రిమ కాలు, కాలిపర్లు, చక్రాల కుర్చీ, పట్టు లేని చేతికి పనికొచ్చే చెంచా, మాట రాని పిల్లాడి తరఫున మాట్లాడే యంత్రం, ఇవన్నీ దీని కిందికే వస్తాయి.

డాక్టరు గాయం మాన్పుతారు. ఫిజియోథెరపీ వాళ్ళు కండరానికి బలం తెప్పిస్తారు. ఆ తర్వాత ఆటో దిగి ఇంటి ముందు నిలబడ్డ మనిషి గడప ఎలా దాటాలి? స్నానం ఎలా చెయ్యాలి? దొడ్లోకి ఎలా వెళ్ళాలి? ఈ ప్రశ్నలకి జవాబు వెతికేది ఈ ఇంజనీరు.

మేకుకి వేలాడే కాలు

మా వైపు ఒక పెద్దావిడకి షుగరు వల్ల మోకాలి పైకి కాలు తీసేశారు. కొన్నాళ్ళకి కృత్రిమ కాలు పెట్టించారు. ఆర్నెల్లు తిరక్కుండానే ఆ కాలు గోడన మేకుకి ఎక్కింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఎందుకమ్మా వాడవు అంటే ఆవిడ చెప్పిన కారణాలు వినండి. కింద కూర్చోనివ్వదు. మన ఎండలకి లోపల చెమట పట్టి, ఒరుసుకుని పుండు పడుతుంది. చీర కుచ్చిళ్ళు కీలులో చిక్కుకుంటాయి. వానాకాలం మా ఊరి బురదలో జారుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, తొడ దగ్గర కొలత తీసుకున్నది మగమనిషి. ఎక్కడ నొక్కుతోందో, ఎక్కడ నొప్పో ఆవిడ సిగ్గుపడి సరిగా చెప్పలేకపోయింది.

ఆ కాలు చేసిన వాళ్ళకి పని రాక కాదు. వాళ్ళకి ఆవిడ ఇల్లు తెలియదు, అంతే. పీట మీద కూర్చుని కూర తరిగే మనిషి రోజుకి ఎన్నిసార్లు లేస్తుందో, ఎన్నిసార్లు వంగుతుందో వాళ్ళెప్పుడూ లెక్కపెట్టలేదు. మనం లెక్కపెట్టక్కర్లేదు, మన మోకాళ్ళే చెబుతాయి. ఈ శాస్త్రంలోకి ఆడపిల్లలు వెళ్ళాలని నేననడానికి మొదటి కారణం ఇదే. యంత్రం తెలిసినవాళ్ళు దేశంలో చాలామంది ఉన్నారు. యంత్రమూ ఇల్లూ రెండూ తెలిసినవాళ్ళు తక్కువ.

ఇల్లు తెలిస్తే ఎంత తేడా వస్తుందో జైపూర్ కాలే సాక్ష్యం. అంతకు ముందు వాడుకలో ఉన్న విదేశీ పాదం బూట్లు వేసుకుని కుర్చీల్లో కూర్చునేవాళ్ళ కోసం చేసింది. మన రైతుకి అది ఎందుకు పనికొస్తుంది? 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేథీ గారూ, మాస్టర్‌జీ అని అందరూ పిలిచే రామచంద్ర శర్మ గారూ కలిసి రబ్బరు పాదం తయారుచేశారు. చెప్పుల్లేకుండా నడవొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, బాసింపట్టు వేసుకోవచ్చు, తడి పొలంలో దిగొచ్చు. శర్మ గారు ఇంజనీరు కాదు, చేతిపని తెలిసిన శిల్పకారుడు. మన జనం ఎలా బతుకుతారో ఆయనకి తెలుసు. అదే ఆయన చదువు.

ఆ కాలు మహిమ మన తెలుగు ఆడవాళ్ళకి సినిమా చూపించింది. 1985లో వచ్చిన 'మయూరి' గుర్తుంది కదూ! 1981లో బస్సు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్ జైపూర్ కాలుతో మళ్ళీ గజ్జె కట్టి, తన కథలో తానే నటించింది. హాల్లో మనమంతా కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాం. కానీ ఆ కాలు ఎవరు చేశారు, ఎలా చేశారు అని ఒక్కరమైనా అడిగామా?

హైదరాబాదులో జరిగిన సంగతి కూడా చెప్పుకోవాలి. అబ్దుల్ కలాం గారు అక్కడి రక్షణ పరిశోధనాలయంలో పనిచేసే రోజుల్లో నిమ్స్ ఆస్పత్రి ఎముకల డాక్టరొకరు వచ్చి, అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన తేలికైన పదార్థం చేతిలోకి తీసుకుని చూశారట. వెంటనే కలాం గారిని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అక్కడ చిన్నచిన్న పిల్లలు మూడు కిలోల పైన బరువున్న ఇనప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో అదే పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. తన జీవితంలో ఎక్కువ ఆనందం ఇచ్చిన పనుల్లో అదొకటని కలాం గారు చాలాచోట్ల చెప్పుకున్నారు. పదార్థం అంతకు ముందు నుంచీ ఉంది. పిల్లల కాళ్ళవైపు చూసిన కళ్ళు మాత్రం అప్పుడొచ్చాయి.

ముందు నడిచిన ఆడవాళ్ళు

ఇది మగవాళ్ళ పని కదా అనేవారికి ముగ్గురి పేర్లు చెబుతాను.

మొదటి ఆవిడ డాక్టర్ మేరీ వర్గీస్. మనవాళ్ళు రాయవేలూరు ఆస్పత్రి అని పిలిచే సీఎంసీలో యువ డాక్టరు. 1954లో వాహన ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడుం కింది నుంచి చచ్చుబడిపోయింది. ఇంకెవరైనా అయితే మంచానికి అంటుకుపోయేవారు. ఆవిడ చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది. తర్వాత విదేశాలకి వెళ్ళి పునరావాస వైద్యం నేర్చుకొచ్చి, వేలూరులో ఆ విభాగాన్ని నిలబెట్టింది. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. ఆవిడ ఇంజనీరు కాదు గానీ, మన దేశంలో ఈ రంగానికి దారి వేసినవారిలో ఆవిడ ముందు వరసలో ఉంటారు.

రెండో ఆవిడ అమెరికాలో బెస్సీ బ్లౌంట్ అనే నల్లజాతి స్త్రీ. ఫిజియోథెరపిస్టు. రెండో ప్రపంచ యుద్ధంలో చేతులు పోయిన సైనికులకి నోటితో, కాళ్ళతో రాయడం నేర్పేది. వాళ్ళకి అన్నిటికంటే అవమానంగా ఉన్నది ఇంకొకరు తినిపించడం. అది గమనించి, గొట్టాన్ని పంటితో నొక్కితే ఒక్కొక్క ముద్ద నోటికందే పరికరం తయారుచేసింది. మెడకు తగిలించుకుని గిన్నెనో కప్పునో పట్టి ఉంచే ఇంకో సాధనానికి 1951లో పేటెంటు వచ్చింది. అక్కడి ప్రభుత్వ సంస్థ అక్కర్లేదంటే, తన ఆవిష్కరణను ఫ్రాన్సు ప్రభుత్వానికి ఇచ్చేసింది. మనిషికి అన్నం పెట్టే చేతికే అన్నం తినలేనివాళ్ళ బాధ తెలుస్తుందని ఎవరైనా వేరే చెప్పాలా?

మూడో ఆవిడ ఇప్పటి మనిషి, మన పక్క రాష్ట్రంలోనే ఉన్నారు. ప్రొఫెసర్ సుజాతా శ్రీనివాసన్. మద్రాసు ఐఐటీలో మెకానికల్ ఇంజనీరింగు చదివి, అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో డాక్టరేటు చేశారు. ఆవిడ పరిశోధించిన విషయం ఏమిటో తెలుసా? మనిషి నడక. మోకాలి కింద కృత్రిమ కాలు పెట్టుకున్నవాళ్ళు ఎలా నడుస్తారన్నది. తర్వాత మద్రాసు ఐఐటీకే వచ్చి, టీటీకే పేరు మీద ఉన్న పునరావాస పరిశోధనా కేంద్రాన్ని నడిపిస్తున్నారు. టీటీకే అంటే మన వంటింట్లో ప్రెస్టీజ్ కుక్కరు మీద చూసే పేరే.

ఆ కేంద్రం నుంచి బయటికొచ్చిన మూడు వస్తువులు చెబుతాను. 2019లో 'అరైజ్' అనే నిలబెట్టే చక్రాల కుర్చీ. అందులో కూర్చున్న మనిషి ఇంకొకరి సాయం లేకుండా తనంత తానే లేచి నిలబడొచ్చు. నిలబడితే ఏమొస్తుందంటారా? రోజంతా కూర్చునే ఉంటే ఒంటికి పుళ్ళు పడతాయి, రక్తం సరిగా ఆడదు, ఎముకలు గుల్లబారతాయి. పైగా ఎదుటి మనిషిని తలెత్తకుండా కళ్ళలోకి చూసి మాట్లాడొచ్చు. విదేశీ కుర్చీలు లక్షల్లో ఉంటే దీన్ని 15 వేల రూపాయల దరిదాపుల్లో విడుదల చేశారు. 2021లో 'నియోబోల్ట్' వచ్చింది. చక్రాల కుర్చీకి ముందు తగిలిస్తే అది మూడు చక్రాల బండవుతుంది. ఒకసారి చార్జి చేస్తే 25 కిలోమీటర్ల దాకా వెళ్ళొచ్చు. 2022లో 'కదం' అనే మోకాలి కీలు, బెంగుళూరులోని మొబిలిటీ ఇండియా సంస్థతో, రక్షణ శాఖ వైపు నుంచి ఏర్పడిన బయోమెడికల్ టెక్నాలజీ సొసైటీతో కలిసి చేశారు.

ఆ కీలు సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం, ఎందుకంటే మన పెద్దావిడ మేకుకి తగిలించిన కాలుకి జవాబు అందులో కొంత ఉంది. మామూలు కృత్రిమ మోకాలు తలుపు బందులాగా ఒకే ఇరుసు మీద తిరుగుతుంది. మన అసలు మోకాలు అలా కాదు. మడిచే కొద్దీ అది తిరిగే చోటు కూడా జరుగుతూ పోతుంది. 'కదం' కూడా అలాగే చోటు మార్చుకుంటూ తిరుగుతుంది. అందువల్ల నిలబడ్డప్పుడు మోకాలు చటుక్కున ముడుచుకుపోదు. అడుగు వేసేటప్పుడు వేళ్ళు నేలకి తట్టుకోవు. 160 డిగ్రీల దాకా మడత పడుతుంది కాబట్టి ఆటోలో, బస్సులో ఇరుకు సీట్లో కూడా కాలు సర్దుకోవచ్చు. మనం "కదం తొక్కడం" అంటామే, ఆ కదమే. ఒక అడుగు.

నడుం నొప్పి ఎవరిది?

"పోలియో పోయింది కదా, ఇంకా ఎవరికి ఇవన్నీ?" అని ఒకావిడ అడిగారు. నిజమే, 2014లో మన దేశం పోలియో లేని దేశమని ప్రకటించారు. కానీ ఆనాటి పోలియో పిల్లలు ఇవాళ మన వయసు వాళ్ళు. షుగరు పెరిగింది. బైకు ప్రమాదాలు పెరిగాయి. పక్షవాతం వచ్చిన మనిషి లేని వీధి ఉందా? 2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2.68 కోట్లు. అందులో 1.18 కోట్లు స్త్రీలే. మన పెద్దింట్లమ్మ జాతరకి ఫాల్గుణంలో వచ్చే జనంలో చూడండి. ఎదిగిన కొడుకుని చంకనేసుకుని వచ్చే తల్లి కనబడుతుంది. ఆ తల్లికి అరవై ఏళ్ళొస్తే వాణ్ణి ఎవరు ఎత్తుతారు?

ఇక్కడే రెండో కారణం. మంచం పట్టిన మామగార్ని లేవదీసేది ఎవరు? బట్టలు మార్చేది, ఒళ్ళు తుడిచేది, రాత్రి రెండు గంటలకి పక్క తిప్పి పడుకోబెట్టేది ఎవరు? నూటికి తొంభై ఇళ్ళల్లో ఆడవాళ్ళమే. నడుం పట్టేసేది మనకే. అందుకే మంచి సాధనం ఒకటి కనిపెడితే మేలు రోగి ఒక్కరికే కాదు, ఇల్లాలికి కూడా. ఈ రెండో మేలు లెక్కలోకి రావాలంటే, లెక్కకట్టే బల్ల దగ్గర మన ఆడపిల్ల ఒకతి కూర్చోవాలి.

ఎలా చదవాలి, ఎంత ఖర్చు?

ఎంపీసీ పిల్లలకి దారి ఇది. ఈఏపీసెట్ లేదా జేఈఈ రాసి మెకానికల్, ఎలక్ట్రానిక్స్, బయోమెడికల్ లాంటి బ్రాంచీల్లో బీటెక్ చెయ్యాలి. ఉస్మానియాలో బయోమెడికల్ ఇంజనీరింగు ఉంది. మన తాడేపల్లిగూడెంలోనే 2015 నుంచి ఎన్ఐటీ ఉంది. ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో ఆడపిల్లల కోసం 2018 నుంచి అదనపు సీట్లు ఇస్తున్నారు. మగపిల్లల సీట్లకి కోత పెట్టకుండా, విడిగా కలిపిన సీట్లు అవి. బీటెక్ తర్వాత గేట్ రాసి ఎంటెక్, ఆ పైన పీహెచ్‌డీ.

బైపీసీ పిల్లలకి కూడా దారుంది. కృత్రిమ అవయవాలు కొలిచి, చేసి, అమర్చే చదువు బీపీఓ. ప్రాస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్ అంటారు. ఎంపీసీ వాళ్ళూ చేరొచ్చు. ఒడిశాలో కటక్ దగ్గర ఒలట్‌పూర్‌లో, కోల్‌కతాలో కేంద్ర ప్రభుత్వ సంస్థల్లోనే ఈ కోర్సు ఉంది. ప్రవేశ పరీక్ష రాయాలి. ఇది చదివిన అమ్మాయి ఒకతి మన పెద్దావిడకి కొలత తీసి ఉంటే ఆ కాలు మేకుకి ఎక్కేదా?

"పీహెచ్‌డీ అంటే ఏళ్ళ తరబడి ఫీజులు కట్టాలి" అని చాలామంది భయం. ఐఐటీల్లాంటి చోట్ల సీటు వచ్చి ఫెలోషిప్పు దొరికితే వాళ్ళే ఎదురిస్తారు. 2023 జనవరి నుంచి కేంద్రం ఇచ్చే జూనియర్ రీసెర్చి ఫెలోషిప్పు నెలకు 37 వేలు, రెండేళ్ళ తర్వాత సీనియర్ అయితే 42 వేలు. ఇంటద్దె భత్యం వేరు.

ఒక మాట దాచకుండా చెబుతాను. సాఫ్ట్‌వేరు వాళ్ళకి వచ్చినంత జీతం మొదట్లోనే రాదు. ఉద్యోగాలు కూడా అన్ని ఉండవు. ఆస్పత్రులు, కాన్పూరులోని అలింకో లాంటి ప్రభుత్వ కర్మాగారాలు, కొత్తగా పెడుతున్న చిన్న కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు, కాలేజీలు, పరిశోధన. ఇవీ చోట్లు. ఇష్టం లేని పిల్లని ఇందులోకి తోయకండి. ఇష్టం ఉన్న పిల్లని ఆపకండి.

మా వీధిలో ఒకమ్మాయి ఉంది. నాయనమ్మకి పక్షవాతం వచ్చి చెంచా చేతిలో నిలవకపోతే, పాత సైకిలు హ్యాండిలు గ్రిప్పు చెంచా పిడికి తొడిగి ఇచ్చింది. అప్పటికి ఆ పిల్ల తొమ్మిదో తరగతి. ఇప్పుడు మంచి ర్యాంకు వచ్చింది, మెకానికల్ తీసుకుంటానంటోంది. "మెకానికల్ మగపిల్లల బ్రాంచి" అని తండ్రి పట్టు. తల్లి నన్నడిగింది, ఏమంటావక్కా అని. "నీ కూతురు ఇంజనీరు అవుతుందో లేదో అని ఆలోచిస్తున్నావు, ఆ చెంచా చేసిన రోజే అయిపోయింది కదే" అన్నాను. వాళ్ళింట్లో ఇంకా తేలలేదు. నాయనమ్మ మాత్రం మనవరాలి పక్షమే.

పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక చదువు ఆగిపోతుందని ఇంకో భయం. ఆగిపోయిన వాళ్ళ కోసమే కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2002-03లో మహిళా శాస్త్రవేత్తల పథకం తెచ్చింది. ఇప్పుడది వైజ్-కిరణ్ అనే పేరు కింద నడుస్తోంది. కాన్పుల కోసం, కాపురం కోసం పరిశోధన మానేసినవారు మళ్ళీ మొదలుపెట్టడానికి సాయం చేస్తుంది. ఈ సంగతి తెలియక ఎమ్మెస్సీలు, ఎంటెక్కులు చదివి ఇంట్లో ఉండిపోయిన కోడళ్ళు మన ఇళ్ళల్లో ఎందరో!

మనం ఇంట్లో చెయ్యగలిగినవి

పిల్లలు పెద్ద చదువులు చదివేలోగా మన చేతిలో ఉన్న పని మనం చేద్దాం.

గడప దగ్గర చక్రాల కుర్చీకి వాలు కట్టించేటప్పుడు ఒక్క అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవు ఉంచండి. ఆరంగుళాల మెట్టుకి ఆరడుగుల వాలు. ఇంతకంటే నిటారుగా కడితే తోసేవాళ్ళకీ కష్టం, కూర్చున్నవాళ్ళకీ ప్రమాదం.

చేతిలో పట్టు లేనివారికి చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చెయ్యండి. అంచున్న కంచం పెడితే అన్నం బయటికి జారదు.

మంచంలో ఉన్నవారిని రెండు గంటలకోసారి పక్క మార్చండి. కుర్చీలో కూర్చునేవారు అరగంటకోసారైనా కాస్త అటూ ఇటూ ఒరగాలి.

కృత్రిమ కాలు లోపల వేసుకునే మేజోడు రోజూ ఉతికి, బాగా ఆరాకే తొడగాలి. కాలు తీశాక చర్మం మీద ఎర్రమచ్చ పావుగంటయినా పోకపోతే, సర్దుకుంటుందిలే అని ఊరుకోకండి. అమర్చినవారికి చూపించండి.

ఆఖరుది, అన్నిటికంటే ముఖ్యమైనది. పాలవాడి లెక్క రాసుకునే పుస్తకంలోనే ఒక పేజీ తీసి పెట్టండి. కాలు ఎక్కడ ఒరుసుకుంది, ఏ రోజు జారింది, ఏ పని చెయ్యలేకపోయారు, రాయండి. ఈసారి కొలతకి వెళ్ళినప్పుడు సిగ్గుపడకుండా ఆ పేజీ చదివి వినిపించండి. పరిశోధన అంటే ఆకాశం నుంచి ఊడిపడేది కాదు, ఇలాంటి పేజీల నుంచే మొదలవుతుంది. ఆ పేజీ రాసేది మీరైతే, చదివి కొత్త కాలు గీసేది మీ అమ్మాయి కావచ్చు.